ఐదు అక్షరాల నడక

తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, కళ్లద్దాలు కూడా శుభ్రంగా తుడుచుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ కింద రాసిన ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. బయట వాన పడుతోందని నేను చెబితే ఢిల్లీ ఆర్.కె. పురంలో ఒక్కరు కూడా గొడుగు తీసుకోరు. అయినా సరే, ఇది నిజం. ఇవాళ పొద్దున మా బాల్కనీలో వాషింగ్ మెషీన్‌లోని దుప్పట్లన్నీ ఒక పక్కకి చేరిపోయాయి. అది ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టింది. తక తకిట, తక తకిట. లోపలినుంచి మా ఆవిడ "ఏమండీ, అది గోడ దూకి పారిపోయేలా ఉంది, ఆపండి!" అని అరుస్తోంది. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు అలాగే నిలబడిపోయాను. ఖాళీగా ఉన్న చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేస్తోంది. తొంభైల నాటి ఒక ఫిబ్రవరి సాయంత్రం, ఢిల్లీ కంటోన్మెంటు పక్కన ఒక చిన్న చర్చిలో, సరిగ్గా ఈ దెబ్బల మీదే ఒక పెళ్లికూతురు నడిచింది. ఆ నడకకు పాట కట్టిన మనిషిని మీరెవరూ చూడలేదు. పేరు సుగుణమ్మ గారు. గుంటూరు మనిషి. నేను పనిచేసిన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో మా సెక్షన్‌కి అధికారి.

నేను రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తాను. మునిర్కాలో మేడ మీద ఒంటిగది, చలికి నీళ్ల కొళాయి కూడా బద్ధకించే చోటు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లడం, వెళ్లినప్పుడల్లా ఒక కొత్త కథ చెప్పడం నాకు అలవాటు. అంతకు ముందున్న అధికారి నా కథలు విని విసుక్కుని వదిలేసేవాడు. సుగుణమ్మ గారు బదిలీ మీద వచ్చిన మొదటి వారంలోనే నన్ను బల్ల ముందు నిలబెట్టారు. నేతచీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ, కళ్లద్దాల పైనుంచి చూపు.

"ఏందయ్యా, ఇయ్యాల ఏమైంది?"

"మోతీబాగ్ దగ్గర ఏనుగు మేడమ్. ఎవరిదో పెళ్లి బరాత్‌కి తోలుకెళ్తున్నారు. రోడ్డంతా జామ్."

"ఏ కాలు ముందేసింది?"

"ఎవరు మేడమ్?"

"ఏనుగయ్యా. ముందు కాలు లేపి వెనక కాలు లేపిందా, వెనకది లేపి ముందుది లేపిందా?"

చూడలేదన్నాను.

"అదే మరి. ఏనుగుని తెచ్చావు గానీ నడిపించలేకపోయావు. బొమ్మలాగా రోడ్డు మీద పెట్టేసి వచ్చావు. ఈసారి అబద్ధం చెప్పేటప్పుడు దాని నడక చూసుకుని చెప్పు. ఇప్పుడెళ్లి లేటు సంతకం పెట్టు."

అబద్ధం చెప్పినందుకు తిట్టేవాళ్లని చూశాను గానీ, సరిగ్గా చెప్పనందుకు తిట్టే అధికారిని నేను ఆ రోజే చూశాను. ఆ దెబ్బకి మధ్యాహ్నం దాకా ఒక్క ఫైలు కూడా కళ్లకు ఆనలేదు. ఏం చెయ్యాలో తోచక బల్ల అంచు మీద వేళ్లతో వాయించుకుంటూ కూర్చున్నాను. చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాను లెండి, గురువుగారు నన్ను వదిలించుకునేదాకా. ఆ చప్పుడు కూడా ఆవిడ చెవిన పడింది. ఇంకో చీవాటు తప్పదనుకున్నాను. ఆవిడ మాత్రం, తమ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధనకి ఢోలక్ వాయించే మిలిటరీ అబ్బాయికి బదిలీ అయిందనీ, నేను రావాలనీ చెప్పారు.

"మేడమ్, నేను హిందువుని."

"ఆ సంగతి ఢోలక్‌కి తెలుసా?"

అలా వెళ్లాను. అక్కడ ఇంకో దిగ్భ్రాంతి. ఆఫీసులో నవ్వని మనిషి, కాలితో తొక్కే పాత ఆర్గన్ ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, గొంతెత్తి పాడుతున్నారు. పక్కన ఆవిడ కూతురు గ్రేస్ పాటల పుస్తకం పేజీలు తిప్పుతోంది. సాకేత్‌లో ఒక చిన్న బడిలో టీచరు. పసితనంలో వచ్చిన పోలియో వల్ల ఎడమ కాలు కొంచెం పొట్టి. తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబిచ్చేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఆ చర్చికే వచ్చే విజయ్ అనే కుర్రాడు గ్రేస్‌ని ఇష్టపడ్డాడు. పెళ్లి కుదిరింది. విజయ్ తండ్రి ప్రకాశరావు గారు సైన్యంలో సుబేదార్ మేజర్‌గా చేసి రిటైరైన విశాఖపట్నం మనిషి. ఉద్యోగమంతా కుర్రాళ్లకి కవాతు నేర్పడంలోనే గడిచిందట. సోఫాలో కూర్చున్నా వెన్ను వంగదు. పెళ్లి ఏర్పాట్లు మాట్లాడటానికి ఆయన సుగుణమ్మ గారి క్వార్టరుకి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పకోడీల పళ్లెం నా చేతిలో ఉంది.

"సిస్టర్, ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి" అన్నారాయన. "పెళ్లికూతురు నడిచి రావడం అవీ వద్దు. జనం రాకముందే పిల్లని తీసుకొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టేద్దాం."

"ఎందుకు అన్నయ్యగారూ?"

"మా రెజిమెంటు వాళ్లొస్తారమ్మా. అడుగు తప్పినవాణ్ని జన్మంతా తిట్టినవాళ్లం. ఎక్కడికెళ్లినా మా కళ్లు కాళ్ల మీదే ఉంటాయి. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని నా బాధ."

ఆయన కొంత మంచికే అన్నారని ఇప్పుడు ఒప్పుకోగలను. అప్పుడు మాత్రం పళ్లెం నా చేతిలో వంగిపోయి పకోడీలు తివాచీ మీద దొర్లాయి. ఎవరూ వాటి వైపు చూడలేదు. గుమ్మంలో గ్రేస్ నిలబడి ఉంది.

"అంకుల్, మై చలూంగీ" అంది. నడుస్తాను అని. "అకేలే."

"అకేలే?" ఆయన చేతిలో టీ కప్పు సగంలో ఆగిపోయింది. తండ్రి లేకపోతే మేనమామ చెయ్యి పట్టుకుని తీసుకురావడం ఆనవాయితీ. ఒంటరిగా నడిచిన పెళ్లికూతుర్ని అక్కడ ఎవరూ చూసి ఉండరు.

గ్రేస్ తల్లి వైపు తిరిగి, ఆ రోజు తెలుగులోనే చెప్పింది. "మమ్మీ, ఎవరి చెయ్యీ పట్టుకోను. పట్టుకుంటే పడిపోతాననే పట్టుకున్నా అనుకుంటారు. కుర్చీలో కూర్చోబెడితే ఈ పెళ్లే వద్దు."

సుగుణమ్మ గారు ప్రకాశరావు గారి వైపు తిరిగి అన్నారు: "అన్నయ్యగారూ, పాట నేను చూస్తాను. దాని నడకకి సరిపోయే పాట దొరికితే అది నడుస్తుంది. దొరక్కపోతే కుర్చీ మాట దానికి నేనే చెప్తాను."

ఇక ఆ తర్వాత సాయంత్రాలన్నీ క్యాసెట్లే. ఢిల్లీలో పెళ్లికూతురు నడిచిన పాటలన్నీ ఆ క్వార్టరు వసారాలోకి వచ్చాయని చెప్పొచ్చు. ఇంగ్లీషు వాద్యాలవి, తెలుగు కీర్తనలు, కేరళ నర్సులు ఇచ్చినవి. టేప్‌రికార్డరు నొక్కడం, గ్రేస్ వసారా ఈ కొస నుంచి ఆ కొసకి నడవడం. నాలుగడుగులయ్యేసరికి కాలొక చోట, పాటొక చోట. ఏ తాళమూ లేకుండా ఆమె మామూలుగా నడిస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. సమంగా పడే ఆ దెబ్బలే ఆమె కాలిని వేలుపెట్టి చూపించేవి. ఎంత గొప్ప పాటయితే అంత దారుణంగా చూపించేవి. చివరికి ఒక సాయంత్రం గ్రేస్ గోడకి ఆనుకుని, "బస్, మమ్మీ" అంది, ఇక చాలని. సుగుణమ్మ గారు టేపు ఆపేశారు. కుర్చీ మాట ఆవిడ నోటి దాకా వచ్చేసిందని నాకు తెలిసిపోయింది.

గ్రేస్ మంచినీళ్ల కోసం వంటింట్లోకి నడిచింది. గచ్చు మీద ఆమె చెప్పుల చప్పుడు. ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు. నేను ఏదో ఆలోచనలో ఉన్నాను. నా వేళ్లు మాత్రం భోజనాల బల్ల మీద ఆమె వెనకే వెళ్లాయి. తక తకిట, తక తకిట. రెండు, మూడు. రెండు, మూడు. ఐదక్షరాల లెక్క, ఖండగతి. ఆమె నీళ్లు తాగి వెనక్కి వచ్చేదాకా నేను వాయిస్తూనే ఉన్నాను. తలెత్తేసరికి తల్లీకూతుళ్లిద్దరూ నన్నే చూస్తున్నారు.

చేతులు వెనక్కి లాక్కున్నాను. కాలు బాగాలేని పిల్లని ఆమె ఇంట్లోనే, ఆమె ముందే వెక్కిరించాను.

"మేడమ్, దేవుడి మీద ఒట్టు, నేను కావాలని..."

"ఆపకు" అన్నారావిడ.

"మేడమ్..."

"ఆపొద్దన్నానా! గ్రేస్, మళ్లీ నడువు."

గ్రేస్ నడిచింది. నేను వాయించాను. ఆవిడ ప్రతి ఆదివారం పాడే ఒక పాత కీర్తనని మెల్లగా, తడుముకుంటూ, ఆ ఐదు దెబ్బల మీదకి ఎక్కించారు. గోడ దాకా వెళ్లి గ్రేస్ వెనక్కి తిరిగింది. ఆమె ముఖం చూసి నేను బల్ల మీంచి చేతులు తియ్యలేకపోయాను. కాలు మారలేదు. అడుగు మారలేదు. కానీ ఆ పాటకి అలా తప్ప ఇంకోలా నడవడం కుదరదు, అంతే. "పాట మనిషి వెనకాల నడవాలయ్యా" అన్నారు సుగుణమ్మ గారు, నాతోనో తనతోనో.

పెళ్లి రోజున ఆవిడ ఇంకో ఏర్పాటు చేశారు. దాని సంగతి నాకు కూడా ముందు చెప్పలేదు. "అన్నయ్యగారూ, పెళ్లికొడుకు తరఫు పెద్ద మీరే కదా, గ్రేస్ ముందు మీరు నడవండి" అని ప్రకాశరావు గారిని చర్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఆయన నల్ల బ్లేజరు మీద పతకాలన్నీ పెట్టుకుని, గడ్డం పైకెత్తి, సిద్ధంగా నిలుచున్నారు. కుడి పక్క బెంచీల్లో మీసాలు దువ్వుకున్న రెజిమెంటు స్నేహితులు. ఆర్గన్ పలికింది. నేను ఢోలక్ అందుకున్నాను.

ఆయన ఎడమ కాలు బ్రహ్మాండంగా పడింది. కుడి కాలు పడే వేళకి దెబ్బ ఇంకా రాలేదు. ఎడమ కాలు లేపితే అప్పటికే దాటిపోయింది. కవాతు నేర్పడంలో జీవితం గడిపిన మనిషి, నిండు సభలో, ఒక కాలు గాల్లో పెట్టుకుని తూలారు. బెంచీల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో రెండు అడుగులు, ఇంకోసారి తూలడం. ఆయన ఆగిపోయి వెనక్కి చూశారు. చేతుల్లో తెల్లపూలు తప్ప ఏ ఆసరా లేకుండా, తలెత్తుకుని, ఒక్క అడుగు కూడా తడబడకుండా గ్రేస్ వస్తోంది. చర్చి మొత్తంలో తిన్నగా నడుస్తున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆయన దారికి అడ్డంగా నిలబడిపోయారు. గ్రేస్ ఆగాల్సి వస్తే అంతా అయిపోయినట్టే. ఆర్గన్ ముందు సుగుణమ్మ గారి వీపు నాకు కనబడుతోంది. ఆవిడ తిరిగి చూడలేదు, వేగం తగ్గించలేదు. అప్పుడు, నా ప్రమాణం గుర్తుపెట్టుకోండి, ఆ పెద్దమనిషి పాస్టరు గారు అదిరిపడేలా, మైదానంలో అరిచినట్టే అరిచారు: "కదమ్... బదల్!"

అడుగు మార్చమని సైన్యంలో ఇచ్చే ఆజ్ఞ అది. అది ఆయన తనకి తానే ఇచ్చుకున్నారు. ఒక్క గెంతు గెంతి, ఒక భుజం దించి, ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు పొడుగ్గా, పతకాలన్నీ ఐదక్షరాల లెక్కలో గలగలమంటుండగా కుంటుకుంటూ ముందుకు నడిచారు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. రెజిమెంటు వాళ్లందరూ ఒక్కసారిగా లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. నవ్వింది గ్రేస్ ఒక్కతే. పెళ్లికూతురు అలా పైకి నవ్వకూడదంటారు. ఆమె నవ్వుతూనే విజయ్ దాకా నడిచింది.

జనం భోజనాలకి కదిలాక సుగుణమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. ఢోలక్ మీద చెయ్యి ఆనించి, తడి కళ్లతో, "నా కూతుర్ని నువ్వు నడిపించావయ్యా" అన్నారు.

ఆవిడ రిటైరై గుంటూరు వెళ్లిపోయారు. కొన్నేళ్ల కిందట పోయారని గ్రేస్ ఫోన్ చేసి చెప్పింది. నాకు మిగిలింది ఒక అలవాటు. కొత్త మనిషి ఎవరైనా గదిలోకి వస్తుంటే ముఖం చూడకముందే అడుగు వింటాను. భయపడుతూ వచ్చేవాడి అడుగొకటి, ఏడ్చి వచ్చేవాడి అడుగొకటి. వాళ్లతో మాట్లాడేటప్పుడు నా మాట దానంతటదే ఆ లెక్కలోకి జారిపోతుంది. కోతలు కూడా అంతే. వినేవాడు నాతో ఎంత దూరం రాగలడో చూసుకునే కోస్తాను.

ఇక ప్రమాణం సంగతి. ఇందులో ఒకటి నేను కల్పించాను. సుబేదార్ మేజర్ గారి అరుపు గురించి మీకు అనుమానం ఉంటుంది. అది అక్షరాలా జరిగింది, చర్చి నిండా సాక్షులున్నారు. జరగనిది సుగుణమ్మ గారి తడి కళ్లు, ఆవిడ నాతో అన్న ఆ మాట. నిజానికి ఆవిడ ఆర్గన్ మూత వేసి, కొంగు సర్దుకుని, "ఆయన ఆగినప్పుడు నీ చెయ్యి వణికిందేందయ్యా?" అని అడిగి, జవాబు వినకుండానే కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆవిడ కింద పనిచేశాను. ఎప్పుడైనా ఒక్క మంచి మాట అంటారేమోనని చూశాను. అనలేదు. ఇక అనే వీలు కూడా లేదు. అందుకని ఇవాళ నేనే అనిపించాను.