గౌస్ మానుకొన్న తొలికుట్టు

1979వ సంవత్సరం ఫిబ్రవరి ఇరవైమూడవ తేదీ, శుక్రవారం. ఎనిమిది గంటల వరకు పుంగనూరును కప్పిన మంచు విడిపోయి, గాలి లేని పలుచని ఎండ కాస్తున్నది. మా పాఠశాల వెనుకనున్న చింతతోపులో ఆనాడే కాయ దులపడం మొదలైంది.

తోపును గుత్తకు తీసుకొన్నవాడు గౌస్. మదనపల్లెలో చింతపండు మండీ నడిపే ఇంట పుట్టి, తక్కెడ ముందు కూర్చోవడం రుచించక చెట్లెక్కడమే వృత్తిగా చేసుకొన్న ముప్పై యేళ్ల మనిషి. సాయంకాలపు వయోజన తరగతిలో నా వద్ద అక్షరాలు దిద్దాడు. “తేనెటీగ కరిసింది” అని వ్రాస్తే నేను కొట్టివేసి “కుట్టింది” అని దిద్దేవాణ్ణి. “నొప్పి ఒకటే గదా సార్” అనేవాడు. క్రియాపదాలపై నా పట్టింపును అలా ఉంచి, అసలు సంగతికి వస్తాను.

ఆ తోపు కూలీలలో ఒక ఆచారం ఉండేది. తొలినాడు కందిరీగనొకదానిని పట్టి ముంజేతిపై కుట్టించుకొనేవారు. దాన్ని తొలికుట్టు అనేవారు. దానితో ఒళ్లు గట్టిపడి ఆ యేడంతా విషమెక్కదని వారి నమ్మకం. క్రిందటేడు తొలికుట్టుకు గౌస్ ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు వాచాయి. విషం బయటికి పోయిందని అందరూ సంతోషించారు.

విరామంలో నేను కంచె వద్దకు వెళ్లేసరికి, మధ్యాహ్నపు జుమ్మా నమాజు కోసం చెవిలో అత్తరు దూది పెట్టుకొన్న గౌస్ చేయి చాచి నిలుచున్నాడు.

“అత్తరు పూసుకోని వచ్చినావే గౌసప్పా! పెండ్లికొడుకనుకోని కందిరీగలన్నీ సుట్టుకుంటాయి సూడు” అన్నది కూలీ కుప్పమ్మ.

“రానీలే అక్కా. ఏటేటా కుట్టించుకుంటాండాను, నాకేమైతాది?”

కుట్టిన ఐదు నిమిషాలకే అతని గొంతు బొంగురుపోయింది. ముఖం ఉబ్బి, ఊపిరి ఈలవేస్తూ, కూలబడిపోయాడు.

“సున్నం తేండప్పా, పూస్తే ఇప్పుడే లేస్తాడు” అన్నాడు పెద్దకూలీ వెంకటముని.

“సున్నమొద్దు, ఏమొద్దు! ఊపిరాడలేదు మనిషికి. సార్, బండి సూడండి!” అని అక్కడే కాయలేరుతున్న గౌస్ భార్య రబియా కేక వేసింది.

దారిన పోతున్న పాలవ్యానును ఆపి ఆసుపత్రికి చేర్చాము. డాక్టరు రాజగోపాల్ అడ్రినలిన్ సూది వేయగా, కొంతసేపటికి ఊపిరి కుదురుకొన్నది.

“ఇది ఒళ్లు గట్టిపడడం కాదయ్యా, తిరగబడడం. మళ్లీ కుడితే ఇక్కడిదాకా వచ్చే వ్యవధి ఉండకపోవచ్చు. చెట్టు మానెయ్” అన్నారు డాక్టరు.

“చెట్టు మాని యాడికి పోయేది సార్?”

రబియా డాక్టరు వైపు తిరిగి అన్నది: “ఆ సూది నాకు నేర్పిచ్చండి. నేనెప్పుడూ ఆడనే ఉంటాను గదా.”

డాక్టరు నేర్పి, మందూ సూదీ ఇచ్చి పంపగా ఆమె బత్తాయిపండ్లకు గ్రుచ్చి అభ్యసించింది. చేయి కుదురుకొనేదాకా గౌస్‌ను తోపులో అడుగు పెట్టనివ్వలేదు. తరువాత కొత్త క్రమం ఏర్పడింది: తెల్లవారగానే చెట్టు చుట్టూ తిరిగి చూడాలి, తేనెపట్టుగాని, కందిరీగల గూడుగాని ఉంటే ఆ చెట్టు ఎక్కరాదు, నిండుచేతుల చొక్కా తొడుక్కోవాలి, అత్తరు పని ముగిసిన తరువాతే.

మరుసటి యేడు వెంకటముని కందిరీగను పట్టుకొని వచ్చి, “పెండ్లానికి భయపడితివా గౌసప్పా?” అని ఎకసెక్కమాడాడు.

“ఆమెకు గాదప్పా, సావుకు” అన్నాడు గౌస్, చేతులు వెనక్కు పెట్టుకొని.

1981 మార్చిలో, చూసి ఎక్కిన చెట్టుమీదనే ఎక్కడినుంచో వచ్చిన కందిరీగ అతని మెడపై కుట్టింది. దిగేలోపే గొంతు బిగిసింది. రబియా అతణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి తొడకు సూది వేసింది. అతడు తేరుకొని వద్దన్నా వినక ఆసుపత్రికి తీసుకుపోయింది. సాయంత్రానికి అతడు రాగిసంగటి అడిగాడు. ఆ యేటినుంచి వెంకటముని కందిరీగల జోలికి పోలేదు. తొలికుట్టు ఆ తోపులో ఆగిపోయింది.

ఆ తరువాత వారు కుప్పం వైపు తోపులకు తరలిపోయారు. నేను పదవీ విరమణ చేశాను. 1988లో ఈ ఉత్తరం వచ్చింది.

“సార్‌కు గౌస్ సలాములు. మేము బాగుండాము. మొన్న గుడుపల్లె తోపులో గోవిందమ్మ అనే కూలామెను తేనెటీగ కుట్టినాది. గొంతు బిగిసి పడిపోయింది. రబియా సూది ఏసింది, జీపులో ఆసుపత్రికి పంపిచ్చినాము. బతికింది. డాక్టరు ఆమెకు కూడా సూది రాసిచ్చినారు. ఆమె మొగుడు పాపయ్యకు చెవుడు, అందుకే సూది ఏసేది రబియా ఆయప్పకు అన్నీ చేసి సూపిస్తాండాది. ఆదివారం పాపయ్యతో బత్తాయికి ఏయిస్తాది, సూడనీకి మీరు తప్పక రావల్ల. బస్సు దిగినాక తోపులో అడ్డదారిన రావద్దండి, ఆడ కొత్త పట్టు ఉండాది. రోడ్డంబడే రండి, నేను ఎదురొస్తాను.”