హవల్దార్ మొయినుద్దీన్ వద్దన్న తుపాకీ

2003లో మా బ్యాంకు రేపల్లె శాఖకు సాయుధ కాపలాదారు పోస్టు ఒకటి మంజూరైంది. అభ్యర్థి మాజీ సైనికుడై ఉండాలి. నియామకం నాటికి నలభై ఐదేళ్లు నిండకూడదు. సొంత లైసెన్సు మీద కొన్న తుపాకీని అక్టోబరు ముప్ఫై ఒకటిలోగా చూపాలి. అది పనిచేసే స్థితిలో ఉన్నదని శాఖ మేనేజరు స్వయంగా చూసి రాసివ్వాలి. ఆ మేనేజరును నేనే. అంతకుముందున్న కాపలాదారు తుపాకీ గొట్టంలో కందిరీగలు గూడు పెట్టిన సంగతి తనిఖీలో బయటపడింది కనుక పై ఆఫీసు ఈ షరతు విధించింది. సబబైన షరతే.

మాజీ సైనికుల కార్యాలయం రెండు పేర్లు పంపింది. బాపట్ల సంజీవరావు సైన్యంలో పందొమ్మిదేళ్లు లారీ నడిపినవాడు. సెప్టెంబరులోనే తుపాకీ కొని తెచ్చి చూపించాడు. గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి, నంబరు లైసెన్సులో రాసిన దానితో సరిపోయింది. నేను 'తృప్తికరం' అని రాసుకున్నాను. రెండోవాడు తెనాలి మొయినుద్దీన్. పదాతిదళంలో హవల్దారుగా చేసి, చివరి ఆరేళ్లు తన దళం ఆయుధాల గదికి బాధ్యుడిగా ఉన్నాడు. డిసెంబరు రెండున అతనికి నలభై ఐదు నిండుతాయి. ఈ పోస్టు తప్పితే వయసు రీత్యా ఇంకే బ్యాంకుకూ దరఖాస్తు పెట్టలేడు. అప్పటికి మూడేళ్లుగా అతను తెనాలిలో బావమరిది సైకిల్ షాపులో పంచర్లు వేస్తున్నాడు.

మొయినుద్దీన్‌కు కలెక్టరు గారి లైసెన్సు అక్టోబరు మధ్యలో గాని చేతికి రాలేదు. వ్యవధి తక్కువ. అందుచేత కొనేచోటే చూసి రాసిస్తే ఒక పని తగ్గుతుందని, ఒక శనివారం బ్యాంకు పని ముగిశాక అతని వెంట గుంటూరు వెళ్లాను.

దుకాణదారు హనుమాన్‌ప్రసాద్ లైసెన్సు తిరగేసి చూసి, ఇనుప బీరువా తెరిచి రెండు గొట్టాల తుపాకీ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఖాళీదేనండి, భయం లేదు," అన్నాడు.

మొయినుద్దీన్ జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుపాకీని గోడవైపు తిప్పి పట్టుకుని, నడుము దగ్గరి కీలు మీద విరిచి తెరిచి, రెండు గొట్టాల్లోనూ చిటికెన వేలు పెట్టి చూశాడు.

"ఖాళీ అని చెప్పాను కదా హవల్దార్ గారూ!"

"మీరు చెప్పారండి. నేను చూడలేదు కదా."

తరువాత దాన్ని భుజానికి ఎత్తాడు. పంచర్ల జిగురు మరకలతో, కొంచెం వంగిన వీపుతో నాతో బస్సు దిగిన మనిషి అక్కడ లేడు. చెంప తుపాకీ వెనక కర్రను వెదుక్కోలేదు. కర్రే వచ్చి చెంప కింద కుదురుకున్నట్టుంది. కళ్లు మూసుకుని ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ప్రతిసారీ గొట్టం గోడమీది ఒకే మేకుకు సూటిగా నిలిచింది. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. మనిషి ఒంట్లో ఇంతటి జ్ఞానం మాటలేమీ లేకుండా నిలిచి ఉండగలదని నేను అంతకుముందు ఎరగను.

"మిలిటరీ రైఫిలు అలవాటైన చెయ్యి సార్. ఇది అతనికి పిల్లలాట," అన్నాడు హనుమాన్‌ప్రసాద్ గర్వంగా, అది తన ఘనతే అయినట్టు.

"ఆ రైఫిలు ఇంట్లో పెట్టుకునే హక్కు మనకి లేదు కదండీ. ఉన్నదాంతోనే సంసారం," అని మొయినుద్దీన్ నవ్వి, పేల్చేసిన ఖాళీ తూటాలు రెండు అడిగి తీసుకున్నాడు. వాటిని లోపల పెట్టి మూశాడు. సేఫ్టీ మీట వేసి ఉన్నదని నాకు చూపించాడు. ట్రిగ్గరుకు దూరంగా చేతులు పెట్టి, తుపాకీని నిటారుగా పట్టుకుని, వెనక కర్రను నేలమీది రబ్బరు చాప మీద ఒక మోస్తరుగా తాటించాడు. చెవి ఒగ్గి విన్నాడు. మళ్లీ తాటించాడు. మూడోసారి నేనూ వంగి విన్నాను. లోపల చిన్నగా 'టిక్' మన్నది.

"ఏంటది?" అన్నాను.

"తుపాకీ పేలిందండి."

"ట్రిగ్గరు ముట్టుకోలేదుగా. సేఫ్టీ కూడా వేసే ఉంది."

"సేఫ్టీ ట్రిగ్గర్ని పట్టుకుంటదండి, లోపలి సుత్తిని కాదు. సుత్తిని ఆపే గాడి లోతు చాల్లేదు. అసలు తూటా ఉండుంటే మనం కప్పుకి పడ్డ చిల్లు చూస్తా ఉండేవాళ్లం."

హనుమాన్‌ప్రసాద్ ముఖం ఎర్రబడింది. "నెల కిందట దీని జోడీ బాపట్ల సంజీవరావు గారు తీసుకెళ్లారు. రెండిటిదీ ఒకటే కంపెనీ, ఒకటే చేతి పని. ఆయన ఒక్కమాట అనలేదు! మీకొక్కరికే వినపడిందా?" అంటూ తుపాకీ లాక్కుని తనే తాటించాడు. రెండోసారికే చప్పుడైంది. అతను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. కొత్త సరుకు నవంబరు రెండో వారంలో గాని రాదని అన్నాడు.

గడువు ఇంకా ఆరు రోజులు. సరిచేయించి తీసుకోవచ్చు గదా అని అడిగాను. ఆ గాడిని అరగదీసేకొద్దీ లోతు పోతుందని, భాగం మొత్తం మార్చవలసిందేనని, అది కంపెనీ నుంచే రావాలని మొయినుద్దీన్ చెప్పాడు. బయటికి వచ్చాక నేను ఊహించని మాట అన్నాడు.

"సార్, ఆ జోడీ సంగతి సంజీవరావు గారికి ఇవాళే చెప్పాలండి."

నేను వెంటనే మెచ్చుకోలేదు. పోటీలో వెనకబడినవాడు ముందున్నవాడి వస్తువులో లోపం వెదకడం లోకంలో లేనిది కాదు. అయితే ఆ తుపాకీ బాగున్నదని రాసుకున్నది నేను. నిజానిజాలు చూడవలసిన బాధ్యతా నాదే. ఇద్దరం బాపట్ల రైలెక్కాం.

సంజీవరావు భార్య ఆదిలక్ష్మి గుమ్మంలోనే నిలబెట్టేసింది. "ఏంటయ్యా, మా ఆయన ఉద్యోగం మీద కన్నేసి మేనేజరు గారిని కూడా వెంటేసుకొచ్చావా?"

"కన్నేశానక్కా. లేదంటే అబద్ధమవుద్ది. తుపాకీ ఎక్కడుందో ముందు చెప్పు."

"మంచం పక్కన గోడకి ఆనించి ఉంది. పొద్దున ఊడుస్తా ఉంటే పడబోయింది కూడాను."

మొయినుద్దీన్ గొంతు తగ్గింది. "తూటాలు?"

"లోపలే ఉన్నాయి," అన్నాడు వెనక నుంచి వచ్చిన సంజీవరావు. "వీధిలో దొంగల గొడవగా ఉంది. సేఫ్టీ వేసే ఉంచాన్లే, నాకు తెలవదా?"

మొయినుద్దీన్ లోపలికి వెళ్లి, తుపాకీ పడుకోబెట్టి, రెండు తూటాలూ తీసి ఆదిలక్ష్మి చేతిలో పెట్టాడు. జేబులోంచి ఖాళీ గుల్లలు రెండు తీసి అమర్చి, "నేను ముట్టుకోను అన్నా. మీరే తాటించండి," అన్నాడు.

సంజీవరావు నాలుగుసార్లు తాటించాడు. ఏమీ కాలేదు. "చూశారా సార్? ఈయనకి కడుపుమంట!" అని నవ్వుతూ అయిదోసారి తాటించాడు. టిక్.

ఆదిలక్ష్మి అరచేతిలోని తూటాలను చూసుకుని, వాటిని బియ్యం డబ్బా మీద జాగ్రత్తగా పెట్టి, నేలమీద కూలబడింది. సంజీవరావు మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఆయుధాల గదిలో ఇచ్చింది ఇచ్చినట్టు సంతకం పెట్టి తీసుకున్నట్టే ఇదీ తీసుకున్నాను తమ్ముడూ," అన్నాడు.

ఆ మాటలో పెద్ద సత్యం ఉన్నది. సైనికుడు ఏళ్ల తరబడి తుపాకీతో లేస్తాడు, తుపాకీతో పడుకుంటాడు, కానీ ఒక్క తుపాకీనైనా కొనడు. అతని చేతికి వచ్చేది మరొకరు పరీక్షించి ఇచ్చినదే. సంజీవరావు చేసిన పొరపాటు అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు. పందొమ్మిదేళ్ల నమ్మకం వల్ల వచ్చినది. మొయినుద్దీన్ అలా అందరికీ పరీక్షించి ఇచ్చే గదిలో కూర్చున్నవాడు.

ముప్ఫై ఒకటో తేదీన ఇద్దరూ రేపల్లె వచ్చారు. సంజీవరావు తుపాకీని దుకాణానికి తిప్పి పంపి, ఆ రసీదు నా బల్ల మీద పెట్టాడు. నేనింకా కొట్టివేయలేదు కనుక నా తృప్తికరం కాగితం అప్పటికి చెల్లుబాటులోనే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు. బయట బెంచీ మీద ఇద్దరూ వట్టి చేతులతో పక్కపక్కన కూర్చున్నారు.

"పొద్దుట్నుంచీ ఆదిలక్ష్మి నిన్నే దీవిస్తంది. నన్ను తిడతంది," అన్నాడు సంజీవరావు.

"నాకూ ఇంటికాడ తిట్లేలే అన్నా. ఉద్యోగం తెస్తానని గుంటూరు వెళ్లి, ఊరందరి తుపాకులూ బాగుచేసుకుంటా తిరుగుతున్నావంట అంది మా ఆవిడ సైదాబీ."

నిబంధన ప్రకారం ఇద్దరి పేర్లూ కొట్టివేసి కొత్త జాబితా తెప్పించాలి. అలా చేస్తే మొయినుద్దీన్ పని అంతటితో ముగిసినట్టే. నేను పై ఆఫీసుకు రెండు పుటల నివేదిక రాశాను. మొదటి పుటలో నా తృప్తికరం ఎందుకు తప్పో రాశాను. రెండో పుటలో గడువు మూడు వారాలు పొడిగించమని అడిగాను. జాలి అన్న మాట అందులో ఎక్కడా లేదు. చూసిన పరీక్షలు, వాటి తేదీలు, తాటించిన లెక్క మాత్రమే ఉన్నాయి. పది రోజులకు అనుమతి వచ్చింది.

కొత్త సరుకు వచ్చిన రోజు హనుమాన్‌ప్రసాద్ తనే ఫోను చేసి మొయినుద్దీన్‌ను పిలిపించాడు. మొయినుద్దీన్ సంజీవరావునూ వెంటబెట్టుకుని వెళ్లి, వచ్చినవన్నీ పరీక్షించి, మంచివి రెండు పక్కన పెట్టి, అందులో మెరుగైనదాన్ని సంజీవరావు ముందుకు జరిపాడట. ఈ సంగతి నాకు చెప్పింది సంజీవరావే.

నవంబరు ఇరవై ఐదున ముగ్గురు అధికారులం ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించాం. సంజీవరావు సమాధానాలు బాగానే ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ జనం తిరిగే హాలులో తూటాలు నింపిన ఆయుధంతో ఎనిమిది గంటలు నిలబడే మనిషిని మేము ఎంచుకోవాలి. ఆ విషయంలో మా ముగ్గురికీ అభిప్రాయభేదం రాలేదు. వయసు గడువుకు ఇంకా వారం ఉండగా మొయినుద్దీన్ నియామకపు ఉత్తర్వు మీద సంతకం చేశాను.

అతను దాన్ని నిలబడే చదివాడు. జేబురుమాలుతో చేతులు తుడుచుకుని రెండోసారి చదివాడు.

"రేపు పొద్దున తొమ్మిదింటికి డ్యూటీ," అన్నాను.

"వస్తానండి." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "సంజీవరావు గారికి మీరు ఫోను చెయ్యొద్దండి సార్. ఫోన్లో వినాల్సిన మాట కాదు. నేనెళ్లి చెబుతాను."

బాపట్ల వెళ్లే బస్సు నాలుగింటికి. మొయినుద్దీన్ ఉత్తర్వును మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఎండలో స్టాండు వైపు నడిచాడు.