రోలుగుంట మండలాన్ని నేను అంచనా వేసిన వైనం

మా ముత్తాతగారు మునసబు. ఆయన వీధిలో నడిచి వస్తూంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారట. తాతగారు వస్తూంటే లేవబోయేవారట, ఆయన ‘కూర్చోండి’ అనేవరకూ. నాన్నగారి నాటికి చాపిన కాళ్ళు ముడుచుకునేవారు. ఇప్పుడు నేను వెళ్తే కొంచెం జరిగి చోటిస్తారు. (చోటివ్వడమూ మర్యాదే అని నా అభిప్రాయం.) తాతగారి కోర్టు వ్యాజ్యాలూ, నాన్నగారి ఎన్నికల సరదా పోను, వంశం నాకు మిగిల్చింది రోలుగుంట వైపు మూడెకరాల జీడితోట, ఎవరి ముందూ వంగని వెన్నెముక. ఆ రెండోదే నా కొంప ముంచింది.

లాక్‌డౌన్ ఎత్తేసిన ఆ రోజుల్లో దేనికి భయపడాలో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు గానీ, దేనికో ఒకదానికి భయపడకపోతే బాధ్యత లేనివాడిలా అనిపించేది. విశాఖపట్నంలో నేను చేసే ఆఫీసులో మా పై అధికారి ఈ విద్యలో అందరికన్నా ముందుండేవాడు. మేము ఆయన్ని చాటున ‘ముందుచూపు సారు’ అనేవాళ్ళం. ఆయన ఇంట్లో ఏడాదికి సరిపడా ఉప్పు, మూడు రకాల టార్చిలైట్లు ఉండేవి. మళ్ళీ లోకం మూతపడితే పదిమంది బయటివాళ్ళ అవసరం లేకుండా బతకగలిగే చోటు కావాలని ఆయనకి పట్టుకుంది. సొంత నీళ్ళు, సొంత ధాన్యం, సొంత ఆవు, తుపానుకి ఎగరని కప్పు. “నర్సీపట్నం నుంచి రోలుగుంట దాకా అంతా మాదేనంటావుగా. మండలమంతా చూసి రిపోర్టు రాయవయ్యా. తోట కొన్నాక దానికి నువ్వే మేనేజరువి” అంటూ చోటుకొకటి చొప్పున నలభై ప్రశ్నల ఫారాలు చేతిలో పెట్టాడు. అంతా మాదేనని క్యాంటీనులో అన్న మాట నిజమే. ఏ కాలంలో అన్నది మాత్రం నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మళ్ళీ ఒక తోట తాళంచెవి మా వంశం చేతిలో ఉంటుందన్న ఆశతో నాకు రెండు రోజులు సరిగ్గా అన్నం సయించలేదు.

నర్సీపట్నంలో ఉండే మా చిన్నమామయ్య బండి తీశాడు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫైలు గుండెలకి హత్తుకుని వెనక కూర్చున్నాను. మొదటి ఊళ్ళో ఫైలు విప్పానో లేదో ఒక పెద్దావిడ వచ్చేసింది. “తుపాను నష్టం రాయడానికొచ్చారా బావూ? బేగి రాయండి. నుయ్యి ఎండిపోనాది. కప్పు ఎగిరిపోనాది. గేదె సచ్చిపోనాది.” ఆవిడ వెనకాలే ఒక గేదె నెమరువేస్తూ నన్ను చూస్తోంది. ‘ఇంట్లో ఎన్నాళ్ళకి సరిపడా ధాన్యం ఉంటుంది?’ అన్నది పదకొండో ప్రశ్న. “రేపటికి నేదు బావూ” అంది, వడ్ల బస్తా మీద కూర్చుంటూ. నేను గవర్నమెంటు కాదని ఎంత చెప్పినా, ఇస్త్రీ చొక్కా ఆ మాట నమ్మనివ్వలేదు. మిగతా ఊళ్ళలోనూ ఇదే వరస. మండలం మనుషులుండటానికే పనికిరాదని రాసుకున్నాను.

“ఫైలు చూస్తే ఏడుస్తారు అల్లుడూ. రేపు కారులో ఎల్దాం” అన్నాడు మామయ్య. మర్నాడు నల్లకళ్ళద్దాలతో అదే ఊళ్ళో అద్దె కారు దిగాను. అదే పెద్దావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, “తాగండి, పంచదారలాగుంటాయి. మండుటెండల్లో కూడా ఈ నూతిలో నీళ్ళు తగ్గవు” అంది. ఆ పక్కనే రోడ్డు పడుతుందని ఒకాయనా, ఎయిర్‌పోర్టు కూడా రావచ్చని ఇంకొకాయనా చెప్పారు.

“నిన్న నుయ్యి ఎండిపోయిందన్నారు కదండీ?” అన్నాను.

“నిన్న మీరు గవర్నమెంటు కదా. ఇయ్యాల కొనడానికొచ్చారు.”

నా తల తిరిగింది. “ఇంతకీ నూతిలో నీళ్ళున్నాయా, లేవా?”

“ముందు మీరెవరో సెప్పండి బావూ. అప్పుడు సెప్తాను.”

ఆ మాట న్యాయంగానే తోచింది. మామయ్య ఉండబట్టలేక, “మునసబుగారి మునిమనవడు!” అనేశాడు. అరుగు మీదివాళ్ళు నావైపు తిరిగారు. తర్వాత అందరూ లేచారు! నా వెన్నెముక మరో అంగుళం నిటారయింది. లేచినవాళ్ళు లేచినట్టే ఇళ్ళలోకి పోయి పాసుపుస్తకాలు పట్టుకొచ్చారు. “మా మావ మీ తాతగారి కాడ కొనుక్కున్నాడు. ఊరికే తీసుకోనేదు. ఇయ్యిగో కాయితాలు” అంది పెద్దావిడ, నన్ను గుచ్చి గుచ్చి చూస్తూ. నేను భూములు అడగడానికి రాలేదని చెప్పడానికి ఒక పూట పట్టింది. నూతి సంగతి ఇక అడగలేదు.

నలభై గడుల ఫారం ఖాళీగా పంపితే పరువు తక్కువ. నాకు నిజం తెలిసిన చోటు మండలం మొత్తం మీద ఒక్కటే ఉంది, మా జీడితోట. మేలో నీళ్ళెంత లోతున ఉంటాయో, ఏ గాలికి పాక కప్పు లేచిందో, సూది మందు వేసేవాడు ఎంత దూరమో నాకు కంఠతా వచ్చు. పోలిక కోసం ఉంటుందని దాని ఫారం పూర్తిగా నింపి, మిగతా ఊళ్ళ ఫారాలతో కలిపి పంపాను. మర్నాడే ముందుచూపు సారు ఫోను. “ఇదే కావాలయ్యా! మిగతావన్నీ గందరగోళం. ఇది అద్దంలా ఉంది.”

“అది... అమ్మేది కాదు సార్. మాది.”

“మరీ మంచిది. అంత భూమిలో మూడెకరాలు మీకొక లెక్కా?”

లెక్కే సార్, మాకున్నది అంతే, అని చెబితే సరిపోయేది. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ మూడు తరాలు నా వీపు వెనక నిలబడి, ‘వంగకు’ అన్నట్టయింది. “లెక్క కాదు సార్” అన్నాను.

అమ్మకి సంగతి చెప్పాను. “ఉన్నది అంతేనని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?” అంది. మామయ్య తల గోక్కున్నాడు. “నీ తోటకి నువ్వు మేనేజరవ్వాలంటే ముందు తోట అమ్మాలన్నమాట. ఏటో అల్లుడూ, నాకు బోధపడ్డం నేదు.” నాకూ పడలేదు.

ఒక ఎండాకాలం నేను ఆ తోటకి మేనేజరుగా ఉన్నాను. సారు తాళంచెవి చేతికిచ్చి, జాగ్రత్త అన్నాడు. మా గేటుకి, మా తాళానికి. లోకం మళ్ళీ మూతపడలేదు. ఆయన భయం చల్లారాక తోటని ఇంకెవరికో అమ్మేశాడు. ఇప్పుడు ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడు గుర్తొస్తే కోపం రాదు, నవ్వే వస్తుంది. చుట్టుపక్కల అందరూ అవసరం కొద్దీ అబద్ధమాడుతూ తమ భూమి నిలబెట్టుకుంటే, వాడొక్కడే ఫారం నిండా నిజం రాశాడు. ఆడిన ఒక్క అబద్ధం కూడా ఆడకూడని చోట ఆడాడు.

మూడెకరాల జీడితోట, నూతితోనూ పాకతోనూ సహా అమ్మేశాం. రోలుగుంట మండలంలో మా పేరున ఇప్పుడు సెంటు భూమి లేదు.