సిస్టర్ బండి కింద మూడొందల కిలోలు

ఆ పేటలో ఆవిణ్ని అందరూ పాదరసం సిస్టర్ అంటారు. ఇంటింటికీ వెళ్లి మంచం పట్టినవాళ్లకి పుండ్లు కడిగి కట్లు కట్టడం, ఇంజెక్షన్లివ్వడం, మూత్రం గొట్టాలు మార్చడం ఆవిడ పని. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా ఒక చోట రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేదు. టీ నిలబడే తాగుతుంది. ఫోన్ మాట్లాడుతూ గదంతా కొలుస్తుంది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే భర్త, "నువ్వు కూర్చుంటే కుర్చీ కంగారుపడుతుందే" అంటాడు.

అలాంటి మనిషికి పదకొండేళ్ల నాటి చిన్న కరెంటు కారు. కొన్న కొత్తలో ఒకసారి ఛార్జి పెడితే నూట ముప్ఫై కిలోమీటర్లు హాయిగా తిరిగేది. ఇప్పుడు నలభై అయిదు దాటితే గొప్ప. ఆవిడ రోజూ తిరగాల్సింది నలభై రెండు. ఆ మూడు కిలోమీటర్ల తేడా మీదే ఆవిడ బతుకంతా వేలాడుతోంది. కళ్లు రోడ్డు మీద సగం, బ్యాటరీ అంకె మీద సగం. ముప్ఫై ఒకటి. ఇరవై ఎనిమిది. ఎర్రదీపం దగ్గర ఆగితే ఏసీ ఆపేసేది, ఎత్తు ఎక్కాల్సివస్తే ఊపిరి బిగబట్టేది. తాను ఊపిరి బిగబడితే బండికి బలం వస్తుందన్నట్టు.

ఒక వానరోజు రోడ్డు తవ్వేసి ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది. పేషెంటు ఇల్లు ఇంకో ఆరొందల మీటర్లుందనగా బండి మొరాయించింది. సంచీ భుజానేసుకుని ఆ వానలోనే పరుగులాంటి నడకతో వెళ్లింది. అక్కడ మంచం మీద ముసలావిడ పక్కకి ఒత్తిగిలి ఉంది. సిస్టర్ వచ్చేస్తోంది కదా అని కూతురు పాత కట్టు ముందే విప్పేసింది. నడుం దగ్గర పుండు తెరిచిపెట్టుకుని ముప్పావుగంట. కూతురు అట్టముక్కతో ఈగలు తోలుతూ, "పర్లేదు సిస్టర్, వానకదా" అంది. ఆ 'పర్లేదు' సిస్టర్‌కి ముల్లులా దిగింది.

మర్నాడే సర్వీసు సెంటర్‌కి వెళ్లింది. కౌంటర్ దగ్గరున్న పిల్ల కంప్యూటర్ చూసి, "ఈ మోడల్ బ్యాటరీ ప్యాక్ ఇప్పుడు రావట్లేదు మేడమ్. కొత్త కారు చూసుకోండి" అంది. సిస్టర్ అక్కణ్నుంచి తిన్నగా ఊరి చివర తుక్కు యార్డుకి వెళ్లింది. తన బండి లాంటిదే, తన రంగుదే, ముందు నుంచి గుద్దుకుని ముక్కు పచ్చడైపోయిన కారొకటి అక్కడుంది. అందులో బ్యాటరీ మార్చి రెండేళ్లు కూడా కాలేదట. అడుగున ఉన్న ఆ బ్యాటరీకి గీత కూడా పడలేదు. యార్డువాళ్లు దాన్ని విప్పి ఇస్తారు గానీ బిగించరు.

"నేనే బిగించుకుంటా" అంది ఇంటికొచ్చి.

భర్త కత్తెర కింద పెట్టేశాడు. "అది చొక్కా గుండీ అనుకున్నావా?"

ఆవిడ వారానికి రెండుసార్లు కట్టు మార్చే వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో బ్యాటరీ గది చూసుకుంటూ ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాడు. అందరికీ బ్యాటరీ బాబాయ్. ఎడమ పిక్క మీద ఏడు నెలలుగా మానని పుండు. సిస్టర్ కట్టు కడుతూ ఈ సంగతి చెప్తే ఆయన కళ్లు మెరిశాయి. కానీ వెంటనే తలూపలేదు.

"అమ్మాయ్, మా గదిలో ఉన్నది నలభై ఎనిమిది వోల్టులు. అది మొరిగే కుక్క. ఇది మూడొందల అరవై. మొరగదు, కరిచేస్తుంది. నాకిది తెలీదు. తెలుసుకుని చెప్తాను."

కారు మరమ్మతు పుస్తకాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి ఇమ్మన్నాడు. మూడు వారాలు చదివాడు. నాలుగో వారం, "చేద్దాం. నేను కూర్చుని చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు.

"నువ్వు కాలు కుర్చీ మీద పెట్టుకునే కూర్చోవాలి బాబాయ్. కిందకి దించావో, నేను లేచి వెళ్లిపోతా."

"నువ్వు తొందరపడ్డావో, నేను లేచి వెళ్లిపోతా."

ఒప్పందం కుదిరింది.

ఒక సెలవురోజు పొద్దున్నే కార్లు కడిగే షెడ్డు దొరికింది. బండిని పైకెత్తే లిఫ్టు ఉంది అక్కడ. బరువు దించే చక్రాల బల్ల యార్డువాళ్లే ఇచ్చారు. బాబాయ్ ఒక కుర్చీలో తనూ, ఇంకో కుర్చీలో తన కాలూ. ఒళ్లో పుస్తకం.

"ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. మా గదిలో ఒకడి ఉంగరం రెండు టెర్మినళ్లకి తగిలింది. ఉంగరం మెరిసింది, వేలు మిగల్లేదు."

గొలుసు, చెవి రింగులు తీసేసింది. ఉంగరం రాలేదు. ఇరవై రెండేళ్లుగా వేలిలో పాతుకుపోయింది. సబ్బు రాశారు, లాభం లేదు. తోడొచ్చిన టైలరు భర్త జేబులోంచి దారం తీశాడు. ఉంగరం కిందనించి దారం దూర్చి, వేలికి ఒత్తుగా చుట్టి, కింది కొసని లాగి విప్పుతూ ఉంగరాన్ని చుట్టు చుట్టూ పైకి నడిపించాడు.

"అబ్బ! మెల్లిగా."

"పెళ్లినాడు తొడిగినప్పుడు ఇంత గోల చేయలేదు నువ్వు."

ఉంగరం ఊడొచ్చింది. దాన్ని తన చిటికెన వేలికి పెట్టుకున్నాడు.

ముందు చిన్న బ్యాటరీ తీగ విప్పింది. తర్వాత వెనక సీటు కింద, పెద్ద బ్యాటరీని రెండుగా తెంపే ప్లగ్గు లాగి జేబులో వేసుకుంది. ఇక పది నిమిషాలు ఆగాలని పుస్తకంలో ఉంది. లోపల నిలిచిన కరెంటు చల్లారాలి.

"పదిహేను ఆగుదాం" అన్నాడు బాబాయ్.

ఆ పదిహేను నిమిషాలూ ఆవిడ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. పానాలు వరసగా పెట్టింది, చెరిపి మళ్లీ పెట్టింది. గోడ గడియారం ఆగిపోయిందేమోనని స్టూలెక్కి చూసింది. పదిహేనో నిమిషం నిండగానే మందపాటి రబ్బరు గ్లౌజుల్లో గాలి నింపి, చిల్లి లేదని చూసుకుని తొడుక్కుంది. ఆ పని మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. మీటరు పెట్టి చూస్తే ఒకటిన్నర వోల్టు. చచ్చిన పాము.

బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసింది. టైలరు చక్రాల బల్ల పిడి తిప్పుతుంటే మూడొందల కిలోల పెట్టె కొంచెం కొంచెంగా దిగింది. దించి, కొత్తదాన్ని కిందకి నెట్టి పైకెత్తేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకో బెత్తెడు ఎత్తితే బండికి అంటుకుంటుంది. ఈ సందులో చెయ్యి పెట్టి నారింజరంగు తీగ కొసన ఉన్న కనెక్టరు బిగించాలి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఒక పేషెంటు కొడుకు. గొట్టం మూసుకుపోయింది, నాన్న పొట్ట ఉబ్బుతోంది, ఏం చెయ్యను?

భర్త ఫోన్‌ని ఆవిడ చెవికి పట్టుకున్నాడు. "మెలిక పడిందేమో చూడు, మూత్రం సంచీ మంచం కంటే కిందకి పెట్టు" అని చెప్తూనే ఆవిడ కనెక్టరు నొక్కింది.

"టక్ మందా?" అన్నాడు బాబాయ్.

"అంది" అంది.

నిజానికి ఆవిడకేమీ వినబడలేదు. ఫోన్‌లో ఆ కొడుకు ఏడుపే వినబడింది. మెలిక తీశాక గొట్టం పారిందని కాసేపటికి అతనే మళ్లీ ఫోన్ చేశాడు.

బోల్టులన్నీ బిగించి, ప్లగ్గు పెట్టి, సాయంత్రం నాలుగింటికి స్టార్టు మీట నొక్కింది. అద్దం ముందు ఎర్ర త్రికోణం వెలిగింది. బండి కదల్లేదు. మళ్లీ నొక్కింది. అదే త్రికోణం. బాబాయ్ పుస్తకం మొదటినించీ తిరగేశాడు. బండిని షెడ్డు మూలకి తోసి ముగ్గురూ ఆటోలో ఇళ్లకి చేరారు.

మర్నాటి నుంచి బస్సుల్లో తిరిగింది. ఎనిమిదిమందికి చేయాల్సిన చోట అయిదుగురితోనే పొద్దుపోయింది. బస్సు ఆగిన ప్రతిసారీ లేచి నిలబడేది, ముందుకెళ్లి డ్రైవరు భుజం మీదుగా చూసేది. ఏ ఇంట్లో చెయ్యి కడుక్కుంటున్నా ఆ కనెక్టరే గుర్తొచ్చేది. చెప్పాలి. ఎలా చెప్పను? అది కాకపోతే? అదే అయితే? అన్నం కలిపింది, సగంలో లేచిపోయింది.

"ఏమైందే నీకు?" అన్నాడు భర్త.

"ఏం కాలేదు" అంది. రెండు రోజుల్లో అది రెండో అబద్ధం.

మంగళవారం బాబాయ్ వంతు. వెళ్లేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కాళ్లు రెండూ నేల మీదే. చుట్టూ కాగితాలు, మార్జిన్ల నిండా పెన్సిలు గీతలు.

"రా అమ్మాయ్. రెండు రోజులుగా చూస్తున్నా. నేనే ఎక్కడో తప్పు చెప్పుంటాను. వయసైపోయింది, ఒప్పుకోవాలి" అన్నాడు.

ఆవిడ కింద కూర్చుని కట్టు విప్పింది. పిక్క వాచింది. మూసుకుంటూ వచ్చిన పుండు అంచులు మళ్లీ తడిగా, ఎర్రగా ఉన్నాయి. నెలన్నర కష్టం రెండు రోజుల్లో నీరుగారింది. ఆయన బల్ల దగ్గరనించి లేవకుండా వెతికింది తన తప్పుని కాదు, ఆవిడ తప్పుని.

"బాబాయ్, టక్ మనలేదు."

"ఏంటి?"

"ఆ కనెక్టరు. ఫోన్లో ఉన్నాను. వినబడలేదు. అందని చెప్పేశాను."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"మా గదిలో అయితే ఆ మాటకి ఉద్యోగం పోయేది" అన్నాడు. "మరి నేనూ కాలు దించాను. చెల్లుకి చెల్లు. ఆ స్టూలు ఇలా జరుపు."

కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకున్నాడు. ఆవిడ పుండు కడుగుతుంటే, అది వదులుగా ఉంటే బండి తనంతట తానే కరెంటు తెంపేస్తుందని, అలా తెంపబట్టే ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం మళ్లీ షెడ్డు. చిన్న తీగ విప్పడం, ప్లగ్గు లాగడం, అన్నీ మొదటినించీ. పదిహేను నిమిషాలు ఆగాల్సొచ్చినప్పుడు బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. మోకాలు ఆడుతూనే ఉంది, కానీ లేవలేదు. ఫోన్ భర్త దగ్గరుంది. మోగింది కూడా.

"సిస్టర్ చేతులు ఖాళీగా లేవండీ. ప్రాణం మీదికొచ్చిందా? లేదు కదా. అయితే అరగంటలో ఆవిడే చేస్తుంది" అన్నాడు, జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగినవాళ్లకి చెప్పే గొంతుతో.

పెట్టెని బెత్తెడు దించారు. కనెక్టరు లాగితే వేళ్లకే ఊడొచ్చింది. లోపల చూసుకుని, తుడిచి, తిన్నగా పెట్టి, దాని మీట పూర్తిగా మడిచింది.

టక్.

చిన్న శబ్దమే. షెడ్డు బయట నీళ్ల మోటారు తిరుగుతున్నా ముగ్గురికీ వినబడింది. బాబాయ్ అడగలేదు. అడగకుండా పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాడు.

అన్నీ బిగించి, బండి గుర్తుపెట్టుకున్న లోపం కోడ్ చెరిపి స్టార్టు మీట నొక్కితే ఆకుపచ్చ దీపం వెలిగింది. బండి షెడ్డులోంచి చప్పుడు లేకుండా బయటికొచ్చి ఎండలో ఆగింది. టైలరు చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్లు చూస్తున్నారని చేతులు జేబులో పెట్టుకున్నాడు. పాత ప్యాక్ కొసలకి మందంగా టేపు చుట్టి, మళ్లీ వాడుకునేలా విడగొట్టేవాళ్లకి యార్డు ద్వారా పంపారు.

ఇప్పుడా బండి నూట ఇరవై దాటి తిరుగుతోంది. దూరమని ఇదివరకు వద్దన్న ఇద్దరు పేషెంట్లని సిస్టర్ ఒప్పుకుంది. అంతమాత్రాన ఆవిడ మారిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎనభై శాతం ఉన్నా అంకె వైపు చూస్తుంది. చూసి, తనని తానే తిట్టుకుంటుంది. ఒకటి మాత్రం ఉంది. మందు పేరో మోతాదో ఫోన్‌లో సరిగ్గా వినబడకపోతే, "వినబడలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది. ఇదివరకు ఊహించుకుని సరిపెట్టేసేది.

బాబాయ్ పుండు మానడానికి ఇంకో రెండున్నర నెలలు పట్టింది. ఆఖరి రోజు గాజుగుడ్డ తీసి, వేలితో నొక్కి చూసి, "ఇంక కట్టు అక్కర్లేదు" అంది.

ఆయన సంతోషించలేదు. పిక్క తడుముకున్నాడు. "అయితే మంగళవారాలు ఎటెళ్తావు?"

"కొత్త కాలనీలో ఒకాయనున్నాడు. పోను ఇరవై ఆరు, రాను ఇరవై ఆరు."

"ఒక్కడి కోసమేనా?"

"ఒక్కడి కోసమే."

ఆయన లేచి, చొక్కా మార్చుకుని వచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. సిస్టర్ సంచీ సర్దుకునేలోపే బండి దగ్గరికెళ్లి ముందు సీటు తలుపు తీసుకుని కూర్చున్నాడు.