అత్తమ్మ చూసిన రెండు ముక్కలు

మా అత్తమ్మకు నా ఉద్యోగమంటే పడదు. పడదంటే పడదు. నాంపల్లిలోని ల్యాబ్‌లో నా పని గొర్రె కిడ్నీని పల్చటి ముక్కలుగా కోసి, వాటిమీద మందులు పరీక్షించడం. పొద్దున్నే మటన్ దుకాణం నుంచి తాజా కిడ్నీ తెచ్చి ఐసులో పెట్టాలి. మిషను కోసే ముక్క అప్పడం కన్నా పల్చన. గాలి బుడగలు వదిలే ఉప్పునీళ్లలో వేస్తే కొన్ని గంటలు బతికే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముద్దొస్తుంది.

ఆబిడ్స్‌లోని మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. బేగంబజార్‌లో పప్పుల వ్యాపారం చేసిన కుటుంబం. సాయంత్రం నేను స్నానం చేసేదాకా అత్తమ్మ నన్ను ముట్టుకోదు. మంచినీళ్ల గ్లాసు కూడా దూరంగా పెట్టి పక్కకు జరుగుతుంది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది, అలవాటైందని అనుకున్నాను.

అసలు భయం వేరే. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి ఆమె మింగుతున్న గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తున్నాయని డాక్టర్ చెప్పాడు. మానకపోతే డయాలసిస్ తప్పదన్నాడు. ఆమె ఔ ఔ అని తలూపి, వీధి చివర మెడికల్ షాపులో కొనుక్కుని కొంగున ముడేసుకునేది. మావారు బతిమాలారు, నేను అరిచాను. గోడకు చెప్పినట్టే.

ఒకరోజు నేను టిఫిన్ డబ్బా మర్చిపోతే ఆటోలో ల్యాబ్‌కు తెచ్చింది. మెట్లెక్కి, ఆయాసపడుతూ నా కళ్లముందే కొంగు ముడి విప్పింది. కోపం నషాళానికంటింది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగింది. సరే, నా వెంటే రండి అన్నాను.

అదృష్టమో ఏమో, ఆ రోజు మేం పరీక్షిస్తున్నది ఆమె మింగే మందే. మైక్రోస్కోపు ముందు స్టూలు వేసి కూర్చోమన్నాను. మందు తగలని ముక్క తేటగా ఉంది. మందులో నానిన ముక్క నిండా నీలం చుక్కలు. మేం వేసే నీలం రంగును చచ్చిన కణాలే పీల్చుకుంటాయని చెప్పాను. అబద్ధం ఆడలేక, మనిషి మింగేదానికన్నా ఇందులో చాలా ఎక్కువ పోశామని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

"నాది గూడ గిట్లైందా?" అంది.

"ఇంకా కాలేదు అత్తమ్మా. అయితదేమోనని నాకే బుగులైతున్నది" అన్నాను.

ఆమె గోలీల పట్టీ బల్లమీద పెట్టి, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో వేడిచేసిన నువ్వుల నూనె. నేను అలవాటు ప్రకారం గోడవారగా స్నానాల గది వైపు నడిచాను.

"తానం తర్వాత చేద్దువు. నొప్పి ఆగుతలేదు బిడ్డా, జర రాయి" అంటూ చీర మోకాలి పైకి జరుపుకుంది.

పొద్దంతా కిడ్నీలు కోసిన చేతులు. ముందుకు చాపలేక నిలబడ్డాను. ఆమే వాటిని పట్టుకుని తన మోకాలిమీద పెట్టుకుంది.