పొయ్యి దగ్గర గాలి

డిసెంబరు రెండో వారంలో ఒక గురువారం ఉదయం ఆరుంబావుకి రాజమండ్రిలో నరసాపురం రైలెక్కాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, గాలిలోని ధూళిని కొలిచే చిన్న పరికరం ఒకటి కొనుక్కున్నాను. అరచేతిలో పడుతుంది. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని నలుసులను పట్టి అంకె చూపిస్తుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోయేవి ఆ నలుసులే. అరవై దాటితే గాలి బాగాలేదని నా లెక్క. మూడేళ్ళుగా మా మేడ మీద రోజూ కొలిచి రాసుకుంటున్నాను.

ఈ ప్రయాణం నా పాత విద్యార్థిని సుజాత పిలుపు మీద. మొగల్తూరు దగ్గర ఒక పల్లెలో ఆమె టీచరు. బడికి ఎదురుగా, కాలవ అవతల రైస్ మిల్లు ఉంది. "పిల్లలు దగ్గుతున్నారు మేష్టారూ. బెంచీల మీద రోజూ నుసి. కంప్లైంటు రాసి ఊరంతా సంతకాలు పెట్టాం. లెక్కేదీ అని అధికారులు అడుగుతున్నారు" అని ఫోను చేసింది.

నిడదవోలు దాటేసరికి ఏడుంబావు. కోతలైపోయిన చేలు, అక్కడక్కడ గడ్డి తగలబెట్టిన నల్లటి మచ్చలు. పరికరం తీసి కిటికీ దగ్గర పెడితే నూట నలభై చూపించింది. ఎదుటి సీటులో ఖాళీ చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నావిడ ముందుకు వంగి చూసింది.

"ఏంటి బాబుగారూ అది, బీపీ మిషనా?"

"గాలికి బీపీ చూసేదమ్మా."

"మరి ఎక్కువుందాండి?"

మంచు తుంపరను కూడా ధూళిగా లెక్కేసుకుంటుందని, మంచు విడిపోయాకే దీని మాట నమ్మాలని చెప్పాను. ఆవిడ తలూపి, "అయితే ఎండెక్కాకే చూడండి" అంది. అత్తిలిలో టీ తాగాం. నరసాపురంలో దిగేటప్పటికి తొమ్మిదిన్నర. స్టేషను దగ్గర్లోని పాకహోటల్లో రెండిడ్లీ తిని, ముప్పై రూపాయలిచ్చి షేరాటో ఎక్కాను. ఇటు వచ్చేవాళ్ళు ఉదయం ఆటోలోనే వెళ్ళడం మంచిది, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

పదిన్నరకి బడి చేరాను. ఇళ్ళ ముందు క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి. మంచు పూర్తిగా విడిపోయింది. మిల్లు గొట్టంలోంచి నల్లటి పొగ కాలవ దాటి వస్తోంది. సుజాత, నేను గేటు దగ్గర పావుగంట కొలిచాం: తొంభై ఆరు. తరగతి గదిలో ఎనభై. సుజాత ముఖం వెలిగింది. "చాలు మేష్టారూ, ఇది చాలు" అంది.

బడి వెనక మంచినీళ్ళ కోసం వెళ్తుంటే పరికరం చేతిలోనే ఉంది. వంట షెడ్డు ముందుకి వచ్చేసరికి అంకె మూడొందలయింది. పాడైందేమో అనుకున్నాను. తలుపు లోపలికి ఒక అడుగు వేశాను. ఏడొందలు. ఇంకో అడుగు. తొమ్మిదొందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. దానికి అంతకు మించి లెక్క రాదు.

మూడు వైపులా రేకులు కొట్టిన షెడ్డు. పచ్చి సరుగుడు కట్టెల పొయ్యి. పొగలో ఒకావిడ వంగి సాంబారు కలుపుతోంది. కలిపి, గుంజ పట్టుకుని దగ్గి, మళ్ళీ కలుపుతోంది. పేరు కరుణమ్మ. పదకొండేళ్ళుగా ఆ బడి పిల్లలకి వండిపెడుతోంది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మిల్లు నుసండి. ఊళ్ళో అందరికీ ఉన్నదే."

బయటికి రమ్మని పరికరం చూపించాను. లోపల ఎంత, బయట ఎంత అని విడమరిచి చెప్పాను. చదువు లేకపోయినా అంకెలు తెలిసిన మనిషి. నెమ్మదిగా అంది, "ఇది రాయకండి మాస్టారండీ. దగ్గుతా వండుతుందని నన్ను తీసేస్తారు."

నన్ను వెతుక్కుంటూ వచ్చిన సుజాత షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "పన్నెండేళ్ళయింది నేనీ బడికొచ్చి," అంది. "రోజూ ఈవిడ చేతి అన్నమే తింటున్నాను. ఒక్కసారి కూడా ఈ షెడ్డులోకి అడుగు పెట్టలేదు."

నేనూ దూరం నుంచి కనబడే పొగ కోసమే అంత దూరం వెళ్ళాను. రాయకుండా వదిలేస్తే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది, ఊపిరి నిలవదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని కరుణమ్మ చివరికి అంది, "షెడ్డు బాగాలేదని రాయండి. నేను బాగాలేనని మాత్రం రాయకండి."

అలాగే రాశాను. మిల్లు లెక్క ఒక కాగితం మీద, షెడ్డు లెక్క ఇంకో కాగితం మీద. భోజనాలయ్యాక హెడ్మాస్టరు గారు, సుజాత కలిసి కాలవ వైపు రేకులు రెండు ఊడదీశారు. పొయ్యిలో నాలుగు కట్టెలు మళ్ళీ వెలిగించి చూస్తే మూడొందల యాభై. తగ్గింది కానీ, మనిషి పీల్చదగ్గ గాలి కాదు.

మూడు గంటలకి కరుణమ్మను వెంటబెట్టుకుని నరసాపురంలో ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గొట్టంలోకి ఊదించి చూసి, "చుట్ట ఎన్నేళ్ళు కాల్చావమ్మా?" అన్నారు. చుట్ట ముట్టనే లేదంది ఆవిడ. రోజుకి మూడు గంటలు పొయ్యి పొగలోనే వండుతుందని సుజాత చెప్పింది. పాడైనంత మేర తిరిగి రాదని, పొగకి దూరంగా ఉంటే ఇంతటితో ఆపొచ్చని డాక్టరు చెప్పారు. మందు పీల్చే పంపు రాసిచ్చారు. బయట బల్ల మీద కూర్చుని కరుణమ్మ రెండుసార్లు తప్పుగా, మూడోసారి సరిగ్గా పీల్చింది. "రేపు పప్పు రోజండి, ఎక్కువసేపు ఉడకాలి" అని లేచి ఆటో వైపు నడిచింది.

ఐదున్నర రైలుకి బయల్దేరాను. తణుకు దాటాక సుజాత ఫోను. "గ్యాసు సిలిండరు దొరికింది మేష్టారూ. హెడ్మాస్టరు గారింట్లోది. రేపటికి పొయ్యి బయట అరుగు మీద పెడుతున్నాం. కరుణమ్మ తర్వాత కూడా ఎవరూ లోపల వండకుండా షెడ్డు గురించి పైవాళ్ళకి రాస్తున్నాం. మిల్లు కాగితమూ పంపుతాం."

ఫోను పెట్టేసి నా నోటుబుక్కు తీశాను. మూడేళ్ళ అంకెలున్నాయి అందులో. తేదీ, వేళ, చోటు, అంకె అని నాలుగు గడులు. ఆ గాలిని పీల్చేదెవరో రాయడానికి గడి లేదు. అది లేదన్న సంగతి కూడా ఆ రోజు దాకా నాకు తట్టలేదు. రైలు కుదుపుకి గీత వంకరపోతున్నా ఐదో గడి గీశాను. అందులో, ఆవిడ కోరినట్టే దగ్గు ఊసు లేకుండా, పేరు కూడా లేకుండా రాశాను: వంట చేసే మనిషి. రోజుకి మూడు గంటలు. పదకొండేళ్ళు.