పక్కింటి అక్క కంప్యూటర్

నా చిన్నప్పుడు పటాన్‌చెరులో మా పక్కింటి అక్కావాళ్లకు ఒక కంప్యూటర్ ఉండేది. పోయిన నెల దాన్ని ఒక మ్యూజియంలో, అద్దాల పెట్టెలో చూశాను. యజమానిగా అక్కావాళ్ల నాన్న పేరు వేసి, ఆయన దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నారని కింద రాసి ఉంది. చదవగానే ఒళ్లు మండింది.

అక్కావాళ్ల నాన్న కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి మా వీధిలోనే ఉండిపోయారు. చుట్టం ఒకాయన దుబాయ్ నుంచి తెచ్చిచ్చిన ఆ కంప్యూటర్‌ను టీవీకి తగిలించి వాడాలి. ఆయన మాత్రం దానికి గుడ్డ కప్పి బీరువా మీద ఉంచి, ఇంటికొచ్చినవాళ్లకు చూపించి మళ్లీ కప్పేసేవారు. ఇంటర్ చదివే అక్క, ఆయన షిఫ్టుకు వెళ్లగానే దాన్ని దించి నాకు నేర్పేది. మొదట్లో నాకు ముట్టుకోవాలంటేనే భయం. "గిట్ల నొక్కితే పాడైతదేమో అక్కా" అంటే, "పాడైతే బాగుచేద్దాం, నొక్కవే" అంది. నా పేరు టీవీ తెర నిండా వరసగా వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ దసరాకు ఆయుధపూజ చేస్తూ, ఫ్యాక్టరీలో మిషన్లకు పెట్టినట్టే, ఆయన ఆ కంప్యూటర్ మీటలన్నిటికీ తడి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. మర్నాటికి మీటలు బిగుసుకుపోయాయి. నొక్కి పాడుచేసిందని తిట్లు మాత్రం అక్కకు పడ్డాయి. అక్క ఎదురుచెప్పలేదు. జడపిన్నుతో మీటలు ఊడదీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మళ్లీ బిగించి ఆయన ఎదుటే ఆన్ చేసింది. పనిచేసింది.

"నేను నొక్కితే పాడవలేదు నాన్నా. మీరు పూసిన పసుపుకి పాడయింది" అంది అప్పుడు.

ఆయన ప్లగ్గు పీకి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. కంప్యూటర్ కోర్సులో చేరతానని అక్క ఎంత బతిమాలినా, ఉన్నదాన్నే పాడుచేశావని బీకాంలో చేర్పించారు. కళ్లెదుట బాగుచేసి చూపించినా ఆయన ఒప్పుకోలేదు. అది ఎంత అన్యాయమో నాకు ఆ వయసులోనే తెలిసింది.

మ్యూజియంలో అక్క ప్రస్తావనే లేదు. అక్కడున్నతన్ని అడిగితే, "ఇచ్చినోళ్లు చెప్పిందే రాసినం మేడం. జెర అద్దం ముట్టకుండ్రి" అన్నాడు. అక్కకు ఫోన్ చేస్తే, "పోనీలేవే, ఎప్పటి మాట" అంది. నాకు పోలేదు.

నేను బడిలో కంప్యూటర్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పిల్లలు చెడగొడతారని ల్యాబ్‌కు తాళం వేయించిన ప్రతి హెడ్‌మాస్టర్‌తోనూ పోట్లాడాను. గయ్యాళి అని పేరు పడింది, పడనీ. ఆ రోజు అక్క మింగిన కోపం నా దగ్గరుంది. అదింకా అయిపోలేదు.